తట్టలోంచి ఏరేసిన పురుగులు

లక్కూరులో సొన్నమ్మవ్వకు మనవరాలు అర్పిత దండాలు. విశాఖపట్నంలో నేను బాగానే ఉన్నాను. ఫోనులో చెబితే నవ్వి పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

సముద్రంలో దొరికే, ఒళ్ళంతా ముళ్ళవెంట్రుకలుండే పురుగులను ఏ రకానికి ఆ రకం వేరుచేయడం ఇక్కడి ల్యాబులో మా పని. మొన్న ఒకే రకమని ఇచ్చినవాటిలో కొన్నింటికి వెంట్రుకలు పొట్టిగా ఉన్నాయి. మన పట్టుపురుగుల దగ్గర "జబ్బుదాన్ని యేరి పారేయల్ల, లేకుంటే తట్టంతా పోతాది" అంటావే, ఆ అలవాటున వాటిని ఏరి పక్కన పడేశాను. అవన్నీ ఎప్పుడో చచ్చి సీసాలో నిలవున్నవని మరిచేపోయాను. మా మేడమ్ తిట్టబోయి, ఎందుకో మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అవి జబ్బువి కావట, ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని వేరే రకమట.

పేరు నన్నే చెప్పమన్నారు. నీ పేరు పెట్టనా? పురుగుకా అని అలగొద్దు. మన ఇంటికి మిద్దె వేయించింది పురుగులే కదా.

మన పురుగులు పొర విడిచే నాలుగో జ్వరం లేచి ఆకు తింటున్నాయా? నాన్న మోకాలు ఎలా ఉంది? గూళ్ళు అమ్మగానే ఇద్దరూ బంగారుపేటలో రైలెక్కండి. నువ్వింకా సముద్రం చూడలేదు. నువ్వొచ్చేసరికి నీ పేరు అందులో ఈదుతూ ఉంటుంది.