ఫ్యాన్ ఆపమన్న ముక్క

బుజ్జీ,

నువ్వు లేవకముందే బడికి, పాఠాలు చెప్పడానికి వెళ్తున్నాను. నువ్విచ్చిన డిస్కు కారులో పాడలేదు. అమ్మ పాటల్ని ఉత్త ఫైళ్ళుగా ఎక్కించావు. ఆ పాత ప్లేయరుకి ఆడియో సీడీ తప్ప ఇంకేదీ పట్టదు. మన కంప్యూటరు లినక్స్‌లో డిస్కు రాసే ప్రోగ్రాం తెరవగానే ఆ సంగతే ముందు అడుగుతుంది, చదవకుండా నొక్కేస్తావు. ఈసారి వేగం తగ్గించి రాయి. చెడిపోయిన డిస్కులు టీకప్పుల కింద పెట్టుకుంటున్నాం.

అమ్మమ్మ ఫోనుకి పంపడానికి వీడియో సైజు తగ్గించమంటే అమ్మ ముఖం అలికేసినట్టు చేశావు. అదైనా సర్దుకుంటాను. పాటకి ముందున్న మాటలు ఎందుకు కత్తిరించావు తల్లీ? "ఏమండీ, ముందా ఫ్యాన్ ఆపండి, హోరు తప్ప నా గొంతు వినపడదు" అని అమ్మ నన్ను కసిరింది అక్కడే. పాట ఎవరైనా వింటారు. ఆ కసురు నాది.

అసలు ఫైలు చెరిపేయకు. ఆ ముక్క ఉంచి వీడియో మళ్ళీ చెయ్యి. డిస్కులోనూ పాటకన్నా ముందు అదే రావాలి.

అమ్మ పోయాక నాకు విసుగెక్కువైందన్నావు. నిజమే.

నాన్న

కంప్యూటరు గదిలో ఫ్యాన్ ఆపేసి వెళ్తున్నాను, అలవాటుకొద్దీ. ఉక్కపోస్తే నువ్వు వేసుకో.