తొట్టిలో పరిచే పొడిగుడ్డ, ముందుగది తాళంచెవి

నా మతి నా దగ్గరే ఉంది. నిన్న డాక్టరమ్మ చూసి చెప్పింది. అయినా అనుమానం తీరక ఈ ఉదయం ఒకటి నుంచి వంద దాకా చెప్పుకున్నాను, ఒక్క అంకె తప్పలేదు. కాన్పుల ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయాగా చేసి ‘కంగారు ఆయమ్మ’ అనిపించుకున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా రాస్తున్న వీలునామా ఇది. చదివింది మూడో తరగతి. వంకర అక్షరాలకు మన్నించాలి.

1. వెనక రెండు గదులు, వంటగది మా అబ్బాయికీ కోడలికీ సర్వహక్కులతో చెందుతాయి. పడుకునే ముందు గ్యాసు కట్టేశారో లేదో రెండుసార్లు చూసుకోవాలి. ఒకసారి చాలదు.

2. ట్రంకుపెట్టె అడుగున తెల్ల నూలుగుడ్డ ఉంది. బాల యేసును పశువుల తొట్టిలో పడుకోబెట్టారని చిన్నప్పుడు చర్చిలో వింటే, మా దొడ్లో కుడితి తొట్టి లాంటిదనుకుని, బిడ్డ తడిసిపోతాడని ఏడ్చాను. అది గడ్డి వేసే తొట్టి అని పెళ్లయ్యాక గానీ తెలియలేదు. అప్పటికే ప్రతి క్రిస్మస్‌కీ చర్చిలో కట్టే పశువుల పాకలో బొమ్మ కింద పొడిగుడ్డ పరవడం అలవాటైపోయింది. నవ్వేవాళ్లు నవ్వారు. ఎందరో బిడ్డల్ని తుడిచి చుట్టిన చేతులివి. తడి ఆరకపోతే బిడ్డ ఎంతలో చల్లబడుతుందో నాకు తెలుసు. లోకాన్ని మోసేవాడు మెడ నిలపలేని పసికందై, జారవిడిచే అవకాశమున్న చేతుల్లోకే వచ్చాడు. మనం తన కోసం బెంగపడేలా వచ్చాడు. కంగారు మనుషులకు కూడా దేవుడి దగ్గర పని దొరికిందన్నమాట. నాకు ఇంతకంటే శుభవార్త లేదు.

3. ముందుగది నా తోటికోడలికి, ఆమె బతికున్నన్నాళ్లూ. కారణం రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ల కిందట మా మరిది పోయాక ఆమె పెట్టె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. “చోటెక్కడుందమ్మా, మాకే ఇరుకు” అన్నాను. ఆ గదిలో ఉన్నది కుట్టుమిషను ఒక్కటే. అదే సాయంత్రం చర్చిలో గుడ్డ పరుస్తుంటే చెయ్యి ఆగిపోయింది. బొమ్మకు పక్క వేసి మనిషిని గెంటేశాను. యేసును కనబోయే తల్లికి ఆ రాత్రి చోటు లేదన్న సత్రంవాడు ఎవరో కాదు, నేనే. పరుగెత్తితే బస్టాండులో పెట్టె మీద కూర్చుని ఉంది. “ఇంతలోనే చోటు పుట్టుకొచ్చిందా అక్కా?” అంది. ఆ దెప్పు నేటికీ వింటున్నాను. వినాల్సిందే. ఆమె నవ్వుతూనే అంటుంది, నేనూ నవ్వుతూనే పడతాను.

ఆ గదిని జెరాక్సు షాపుకి అద్దెకిద్దామని మా అబ్బాయి మూడుసార్లు గొణిగాడు. నాయనా, నాకు చెవుడు రాలేదు. తాళంచెవి మీ పిన్ని కొంగుకే ఉండాలి. దీనికి ఎవరు అడ్డు చెప్పినా చెల్లదు.

4. వేణ్ణీళ్ల సంచి కోడలికి. నడుంనొప్పి దాచుకుంటోంది, పిచ్చిది. గొడుగు పక్కింటి టైలరుకి. నాలుగేళ్లుగా ఎటూ అతని దగ్గరే ఉంది. సాక్షి సంతకం పెడతానన్నాడు గానీ, పుచ్చుకునేవాడు సాక్షి కాకూడదట.

5. గుడ్డ నా తోటికోడలికి, ఆమె తర్వాత కోడలికి. ఎండలో ఆరేస్తే చాలు. బొమ్మను పెట్టేముందు తొట్టిలో తడి ఉందేమో చేత్తో చూడండి. చూశాక ఒకసారి గుమ్మం వైపు కూడా చూడండి, పెట్టె పట్టుకుని ఎవరైనా నిలబడ్డారేమో.

ఇవన్నీ జరిపించే బాధ్యత పాస్టరుగారిది.

డిసెంబరు పదో తేదీ, గురువారం.

చేవ్రాలు: కంగారు ఆయమ్మ (వేలిముద్ర కాదు, సంతకమే)

సాక్షులు: కాన్పుల డాక్టరమ్మ, వీధి చివరి పోస్టుమాస్టరు