మార్చికి మిగలని పని

రౌండప్, మోంటానా
ఫిబ్రవరి నెలాఖరు

లీలండ్‌కి,

ఇక్కడ నేనూ, కుక్కా, నీ తుపాకీ ముగ్గురం కులాసా. ఆ అలాస్కా మంచులో నువ్వూ కులాసాగా, పొడి మేజోళ్ళు తొడుక్కుని ఉన్నావనుకుంటాను. ఫోన్లో చెబుదామంటే నీ వెనక మీ పని క్యాంపంతా ఫోను కోసం వరసలో నిలబడి దగ్గుతుంటుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తా. ట్రక్కు బ్యాటరీ మార్పించాను. మీ అమ్మ మోకాలు నయం. మొన్న చర్చికి కర్ర లేకుండా వెళ్ళి, అందరికీ కనబడాలని అవసరం లేకపోయినా లేచి నిలబడింది. వెచ్చగాలి వీచి మంచు చాలావరకు కరిగింది, లోయలో మన గురిదిబ్బ బయటపడింది. హాల్వర్ తాత ఇంకా మన తుపాకీ క్లబ్బుకి పెద్దే, ఇంకా అందరి మీదా అరుస్తూనే ఉన్నాడు.

ఇక అసలు సంగతి. "మన తుపాకీకి సరిపడే తూటా ఇత్తడి తొడుగులు ఇప్పుడు ఫ్యాక్టరీలోనే రెడీమేడ్‌గా వస్తున్నాయట, తెప్పించి చూడు. బాగుంటే మార్చిలో నేను రానక్కర్లేదు. ఇంకో షిఫ్టు ఒప్పుకుంటే షెడ్డుకి కొత్త కప్పు వేయించొచ్చు" అని రాశావు. ఎంత తేలిగ్గా రాసేశావయ్యా! ఏడాది మొత్తం మీద నువ్వు ఇల్లు చేరేది ఆ మార్చిలోనూ, మళ్ళీ మే పోటీకీ. మార్చి అంటే నాకేమిటో తెలుసా? నువ్వు దుకాణంలో దొరికే మామూలు తొడుగుల్ని మన తుపాకీలో పెట్టి పేలుస్తావు. లోపల ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే చాంబరు గోడలకి ఆనుకుని, కొలిచి కుట్టించిన చొక్కాలాగా మన తుపాకీ ఒక్కదానికే కుదురుతుంది. వెచ్చవెచ్చగా బయటపడ్డవాటిని నేను ఏరి కోటు జేబుల్లో పోసుకుంటాను. మధ్యలో కాఫీ, కాస్త పోట్లాట. ఆ కాస్త పనీ ఫ్యాక్టరీ వాడికి ఇచ్చేయమంటావు!

నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, తెప్పించాను. మన పద్ధతిలోనూ కొన్ని నేనే తయారుచేసి, రెండూ పక్కపక్కన కాల్చి, నీ రెడీమేడ్ సరుకు దండగని నీ మొహాన కొట్టాలనుకున్నాను. అప్పుడు చచ్చినట్టు వస్తావు కదా.

బారెల్ అరిగిపోకుండా బులెట్లు మానేశాను. ఇక్కడ అందరూ చేసేదే: తొడుగులో చిటికెడు తుపాకీ మందు, పైన జావ కాచుకునే గోధుమ రవ్వ, దాని మీద మైనం బిళ్ళ. షెడ్డు వెనక్కి పోయి ఆకాశంలోకి పేల్చడమే. నా తెలివి చూడు, మందు ఉండే అలమరలోంచి చీకట్లో తడిమి తీసింది నువ్వు పొద్దున్నే తినే తీపి రవ్వ! చక్కెర కలిపింది! కాసేపటికి చాంబరంతా పాకం పట్టి తూటా ఎక్కించే బోల్ట్ కదల్లేదు. తుపాకీ పట్టుకుని క్లబ్బుకి పరిగెత్తాను. హాల్వర్ తాత వాసన చూసి, "అమ్మాయ్, మొగుడికి టిఫిన్ పెట్టడానికి ఇంతకంటే దగ్గర దారి లేదా?" అన్నాడు.

"అలాస్కాకే గురిపెట్టా తాతా, అందుతుందేమో చూద్దాం" అన్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తుపాకీ కడుగుతూ కూర్చుంటే మాత్రం ఏడుపొచ్చింది. వంటింట్లో అంతా నువ్వు జావ మాడబెట్టినప్పటి వాసనే.

ఆ తర్వాత మామూలు రవ్వ కొని మళ్ళీ చేశాను. గాలి లేని పొద్దున చూసి, హాల్వర్ తాతని పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి బులెట్లు పెట్టి గురికాగితాల మీద కాల్చాను. మన తొడుగులతో కాలిస్తే కాగితం మీది కన్నాలన్నీ కోటు బొత్తాం కింద దాగాయి. రెడీమేడ్ వాటితో కాలిస్తే అంతకంటే చిన్న చొక్కా బొత్తాం కిందే దాగిపోయాయి. నమ్మలేక మళ్ళీ కాల్చాను. మళ్ళీ అంతే. తాత రెండు రకాలనీ కొలిచి, "తొడుగు మెడ మందం చూడు, ఫ్యాక్టరీవన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాళ్ళ మిషన్‌కి మొగుడి మీద బెంగ లేదు కదమ్మా" అన్నాడు. ముసలాడికి నోటి దురుసు.

ఇప్పుడు చెప్పకుండా దాచింది చెబుతున్నాను. దీనికి ముందు నీకొక ఉత్తరం రాశాను. రెడీమేడ్‌వి పనికిరావు, మార్చిలో నువ్వు రావాల్సిందే అని. కవరు అంటించాక పొయ్యిలో పడేశాను. గురికాగితం మీద అబద్ధం ఆడటం నాకు చేతకాలేదు. ఆ రెండు గురికాగితాలూ ఇందులోనే పెట్టాను, నువ్వే చూసుకో. ఇంకొకటి కూడా ఉంది. పెట్టెలో మిగిలిన మామూలు తొడుగులు కూడా నేనే కాల్చి కుదిర్చేశాను. బెంగ పుట్టినప్పుడల్లా షెడ్డు వెనక్కి పోయేదాన్ని. చూస్తుండగానే పెట్టె ఖాళీ అయిపోయింది. కాబట్టి మార్చిలో నీకిక్కడ ఏ పనీ లేదు.

నువ్వెప్పుడూ ఏదో పని పెట్టుకునే వస్తావు. నేనూ ఏదో పని చెప్పే పిలుస్తాను. మనిద్దరికీ ఆ సిగ్గు పోలేదు. ఈసారి చెప్పుకోడానికి పనేం మిగల్లేదు గనక ఉన్నమాట చెబుతున్నా. లీలండ్, నిన్ను చూడాలనుంది. మంచం మీద నీ వైపు కుక్క పడుకుంటోంది, దానికి నీకంటే గురక. షెడ్డు కప్పు ఇంకో చలికాలం కారితే కారనీ. ఆ షిఫ్టు వద్దని చెప్పెయ్. ఊరికే రా.

నిన్న నీ తీపి రవ్వ కొత్త పెట్టె కొన్నాను. మందు అలమరలో కాదు, పొయ్యి పక్కన పెట్టాను.

ఇట్లు,
నువ్వు గురి చూస్తుంటే గాలి చూసి చెప్పే నీ ఇల్లాలు,
ఆర్డిస్