వంకర కుట్టు

శ్రీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. సినిమాలో వ్యోమగామి కోటు చూసి, అచ్చం అలాగే నువ్వు కుడుతుండగా సగంలో ఆగిన కోటును పూర్తి చేయమని మన వీధిలోకి కొత్తగా వచ్చిన దర్జీకి ఇచ్చాను. ఆయన నీ కుట్టును కూడా సరిచేశాడు.

"భుజం కాడ వంకరగా ఉండాదమ్మా, విప్పి నేరుగా ఏసినా. సార్‌కి ఇంకా చెయ్యి తిరగలేదు," అన్నాడు నవ్వుతూ.

తెర మీది కోటుకు అక్కడ వంకరే ఉందని, నువ్వు సినిమా ఆపి ఆపి చూసి అలాగే కుట్టావని ఆయనకెలా తెలుస్తుంది? నేనే చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆయన దారం విప్పేశాను. రెగ్జిన్‌లో సూది రంధ్రాలు పూడవు కదా. వంకరగా ఉన్నవి నీవి. వాటిలోంచే మళ్ళీ దారం పోనిచ్చాను. మెడ దగ్గర మాత్రం రెండు వరసలూ కలిసిపోయాయి. అక్కడ ఏవి నీవో తేల్చుకోలేక, కుట్టకుండా ఉంచేశాను.