బాత్రూంలో ఊడిన కడ్డీ

తమ్ముడూ,

రాగానే కమోడ్ పక్కన నాన్న పట్టుకుని లేచే కడ్డీ మళ్ళీ బిగించు. ఫ్లష్ ట్యాంకు వెనక కింది స్క్రూల దగ్గరికి చెయ్యి దూరకపోతే పొట్టి స్క్రూడ్రైవర్ తీసుకో. స్క్రూని టేపు ముక్కలోంచి గుచ్చి, ఆ టేపుని స్క్రూడ్రైవర్ మొనకి చుట్టు. అప్పుడు జారిపడదు. పోయినసారి నువ్వేమో ఆ కింది స్క్రూలు ఎగ్గొట్టి, కనబడకుండా పైన మూత పెట్టేశావు. పొద్దున నాన్న పట్టుకోగానే కడ్డీ ఊడి చేతికొచ్చింది, ఆయన కింద పడ్డాడు. తుంటి విరిగినట్టుంది, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను. బిగించాక నీ బరువంతా వేసి వేలాడి చూడు. ఊడితే ఈసారి నీ నడుమే విరగనీ. హాస్పిటల్‌కి మాత్రం రాకు, నీ మొహం చూసే ఓపిక నాకు లేదు.

అక్క

“చిన్నోడు కష్టపడి పెట్టాడు, నేను విరగ్గొట్టానని వాడికి చెప్పకే” అని నాన్న మూలుగుతూనే నన్ను బతిమాలాడు. అందుకే చెబుతున్నాను.