భోజనాల దగ్గర అమ్మ

మనామా,
శుక్రవారం, సెలవు రోజు.

సరోజక్కకి, నీ చెల్లెలు పద్మ నమస్కారాలు పెట్టి రాస్తున్నది.

నేనూ మా ఆయనా ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ స్వాతీ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? పెళ్ళి పనుల్లో పడి మందులు మానేసి ఉంటావు, నాకు తెలుసు. మానకు. పత్తి ఆఖరి తీత అయిందా, కూలీలు దొరికారా? వత్సవాయిలో ఈసారి చలి బాగా ఉందని స్వాతి చెప్పింది. ఇక్కడా చలే. ఎడారి దేశమంటే ఏడాదంతా ఎండే అనుకుని వచ్చినదాన్ని, ఈ సముద్రపు గాలికి రెండు స్వెట్టర్లు వేసుకుని మిషన్ ముందు కూర్చుంటున్నాను.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో అయితే నాకు ఏడుపొస్తుంది. నాకు ఏడుపు రాగానే నువ్వు ఊరుకోబెట్టడం మొదలుపెడతావు, చెప్పాల్సింది అక్కడే ఆగిపోతుంది. అందుకని రాస్తున్నా. మా సందులో ఉండే కంచికచర్ల ఆవిడ ఊరికి వస్తోంది, ఆవిడ చేతికే ఈ కవరు ఇస్తున్నాను. లోపల డిస్కు కూడా ఉంది. ఇది మూడోది, ఇది ఆడుతుంది. బెంగపడకు.

ముందు ఒక మాట. మాఘమాసంలో స్వాతి పెళ్ళికి నువ్వు మండపం దగ్గరికి రానన్నావట, వంటల దగ్గరే ఉండి వడ్డన చూసుకుంటానన్నావట. స్వాతి ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మ ఒక్క ఫొటోలో కూడా ఉండదా పిన్నీ?" అని అడిగింది. బావ పోయి మూడేళ్ళయింది, పీటల మీద నీ మరిదీ తోడికోడలూ కూర్చుంటారు, అది పద్ధతి, సరే. అంతమాత్రాన నువ్వు కనపడకుండా పోవడమేమిటని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట అనే హక్కు నాకుందా అని ఆగాను. ఎందుకు ఆగానో ఈ ఉత్తరం చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఇక డిస్కుల సంగతి. నీ పెళ్ళి క్యాసెట్‌కి బూజు పట్టిందని నువ్వు జగ్గయ్యపేట స్టూడియోకి పంపావు చూడు, ఆయన దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి నా ఫోన్‌కి లింకు పంపాడు. డిస్కు చేసిమ్మంటే, ఈ రోజుల్లో డిస్కులు ఎవరు చూస్తారమ్మా అన్నాడు. మా అక్క చూస్తుందయ్యా, బావ మొదటి పత్తి డబ్బులతో కొన్న ప్లేయరు ఇంకా పారేయలేదు, అందులో తప్ప చూడదు అని చెప్పాను. ఆయన నవ్వాడు. సరే, మనమే చేద్దామని డౌన్‌లోడ్ చేశాను.

నాతో షాపులో కుట్టే షైనీ అని కేరళ పిల్ల ఉందని చెప్పానుగా, వాళ్ళింట్లో లాప్‌టాప్ ఉంది. మొదటిసారి నాకేం తెలుసు, ఫైలు ఉన్నదున్నట్టు డిస్కులోకి కాపీ చేసి పంపేశాను. మీ ఇంట్లో ప్లేయరు గిర్రుగిర్రుమని తిరిగి డిస్కు బాలేదని చూపించిందన్నావు. డిస్కు బాగానే ఉందక్కా. ఆ ప్లేయరు కూడా నీలాంటి మొండిదే, దానికి తెలిసిన పద్ధతిలో చెబితేనే వింటుంది. కంప్యూటర్ ఫైలుని ముందు దానికి అర్థమయ్యేలా మార్చాలట, తర్వాత డిస్కు మీద రాయాలట. షైనీ నేర్పించింది. బ్లౌజు ఆల్టరేషన్ లాంటిదే అనుకో, గుడ్డ అదే, కొలత మారుతుంది. మార్చడానికి మూడు గంటలు పడుతుంది, ఈలోపు మేమిద్దరం కప్పా, చేపల కూరా వండుకుని తిన్నాం. కప్ప అంటే భయపడకు, వాళ్ళు కర్రపెండలాన్ని అలా అంటారు. బాగానే ఉంటుంది గానీ మన పచ్చిమిరపకాయల పప్పు ముందు ఎంత.

ఇక్కడే నేను తప్పు చేశాను. వీడియో మూడు గంటల పైన ఉంది, డిస్కులో రెండు గంటలే స్పష్టంగా పడుతుందని షైనీ చెప్పింది. రెండో డిస్కు పెట్టొచ్చు అంది కూడా. నేనే అవసరం లేదన్నాను. చేసేది టైలర్ పని కదా, గుడ్డ ఎక్కువైతే చెయ్యి కత్తెర మీదకే పోతుంది. ఏది కోయాలో క్షణం కూడా ఆలోచించలేదు. భోజనాలు. పెళ్ళి క్యాసెట్లో భోజనాలు ఎవరు చూస్తారు? పంక్తి తర్వాత పంక్తి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నమిలేవాళ్ళు, విస్తరి మీదకి వంగిపోయేవాళ్ళు. చెవిటికల్లులో మన ఇంట్లో క్యాసెట్ వేసినప్పుడల్లా భోజనాలు రాగానే ముందుకి తిప్పేవాళ్ళం, గుర్తుందా? రిమోట్ ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఆ అలవాటుతోనే మొత్తం కోసి పారేశాను. షైనీ వాళ్ళాయన లాప్‌టాప్‌లో చోటు లేదంటే అసలు ఫైలు కూడా తీసేశాను.

ఆ రెండో డిస్కు చూసి నువ్వు ఫోన్ చేశావు. బాగుందనలేదు, బాలేదనలేదు. "అమ్మేదే?" అన్నావు. అమ్మ క్యాసెట్లో ఎక్కడుందక్కా, అమ్మ లేదు కదా అన్నాను. అప్పుడు నువ్వు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "ఉందే. అమ్మే ఒకసారి నాతో చెప్పింది. నేనూ పడ్డానే క్యాసెట్లో, సాంబారు బకెట్టు దగ్గర అని నవ్వింది."

అమ్మ పోయి ఏడాది అయింది. వీసా దొరక్క నేను ఆఖరి చూపుకి కూడా రాలేకపోయాను. అమ్మ ఫొటోలు నాలుగున్నాయి, నాలుగూ ఆధార్ కార్డు కోసం దిగినట్టే ఉంటాయి. నడిచే అమ్మ ఉన్నది ఆ భోజనాల్లోనే. దాన్ని నేను చేజేతులా తీసేశాను.

మొదటి డిస్కులో ఉంటుంది కదా అంటే, ఆడలేదని అది నువ్వెప్పుడో పారేశావు. స్టూడియో లింకు గడువు అయిపోయింది. ఫోన్ చేస్తే తన దగ్గర కూడా ఉందో లేదో చూడాలన్నాడు. క్యాసెట్ పెట్టి మళ్ళీ తీద్దామంటే మొదటిసారే టేపు తెగిందట. మూడు రోజులు ఆయన ఫోన్ ఎత్తలేదు. పెళ్ళిళ్ళ సీజన్, రోజుకి ఆరేసి బ్లౌజులు కుట్టాలి, ఆ మూడు రోజుల్లో నేను కుట్టిన చేతులన్నీ విప్పి మళ్ళీ వేయాల్సొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నన్నడుగు. నాలుగో రోజు ఆయనే చేశాడు, పాత హార్డ్ డిస్కులో దొరికిందన్నాడు. "ఈసారి కొయ్యకండమ్మా" అన్నాడు. నేను రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను.

ఈసారి మొత్తం రెండు డిస్కులకి సరిపోయేలా మార్పించాను. భోజనాలున్న డిస్కే ముందు పంపుతున్నా, ఇంకోటి నేను వచ్చేటప్పుడు తెస్తాను. మా ఓనరమ్మ ఇంట్లో పాత ప్లేయరు ఉంటే అందులో పెట్టి ఆసాంతం చూశాకే కవర్లో పెట్టాను. జీవితంలో మొదటిసారి భోజనాలు ముందుకి తిప్పకుండా చూశానక్కా.

చాలాసేపటి తర్వాత వస్తుంది, తొందరపడకు. ఆడవాళ్ళ పంక్తి అవుతుండగా కెమెరా వంటపాక వైపు తిరుగుతుంది. అమ్మ బకెట్టు పట్టుకుని వస్తూ ఉంటుంది. నాన్న పోయాక ఎప్పుడూ కట్టిన ఆ బూడిదరంగు నేత చీరే. ఎవరితోనో ఏదో అంటూ నవ్వుతుంది. ఎడమ కాలు కాస్త ఈడ్చి నడిచేది చూడు, ఆ నడకే. తర్వాత వెనకనుంచి పావడా కట్టుకున్న పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, అమ్మ కొంగు పట్టి లాగి ఏదో చెబుతుంది. అమ్మ నవ్వు ఆగిపోతుంది. కెమెరా వైపు ఒక్కసారి చూసి, వీపు తిప్పేసి, కెమెరా పోయేదాకా అలాగే నిలబడుతుంది.

ఆ పిల్లని నేనే.

పాటలు కలిపేశారు కాబట్టి నేనేమన్నానో వినపడదు. నాకు మాత్రం గుర్తుంది. పెదనాన్న నన్ను పిలిచి, వీడియో తీస్తున్నారు, శుభమా అని జరుగుతుంటే మీ అమ్మ అడ్డం రాకూడదు, పాక అవతలికి వెళ్ళమని చెప్పు అన్నాడు. పెద్దవాళ్ళు నాకు పని చెప్పారని ఎంత గొప్పగా పరిగెత్తానో. పదమూడేళ్ళదాన్ని, అంతకుమించి నాకేం తెలుసు అని ఇన్నేళ్ళూ సర్దుకున్నాను. అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. ఆ రాత్రి పడుకునేటప్పుడు మాత్రం, తాళి కట్టేటప్పుడు అక్క ఏడ్చిందా అని అడిగింది. సొంత కూతురి పెళ్ళి ఎలా జరిగిందో నన్నడిగి తెలుసుకుందక్కా. అప్పుడు పక్కకి పొమ్మన్నదీ నేనే, ఇప్పుడు కత్తెర వేసిందీ నేనే. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను.

కానీ డిస్కు చూశాక నా మాట విను. అమ్మ ముఖం మారిన ఆ క్షణం చూడు, రెండుసార్లు చూడు. స్వాతి పెళ్ళిలో నువ్వూ అలాగే వీపు తిప్పి నిలబడాలా?

నాకు ఇరవై రోజులు సెలవు ఇచ్చారు. పెళ్ళికి వారం ముందే వస్తాను. నీకు ముదురాకుపచ్చ పట్టుచీర తీశాను, తెల్లగా ఉన్నవి కట్టుకుంటానంటే ఒప్పుకోను. జాకెట్టు నేనే కుడతాను, స్వాతిని టేపు పెట్టి సరిగ్గా కొలిచి పంపమను, నువ్వు చిక్కిపోయావు కాబట్టి పాత కొలతలు పనికిరావు. నాకు ఇక్కడికి తీసుకుపోవడానికి రెండు కిలోల కారం పట్టించి ఉంచు. వేదాద్రి నరసింహస్వామికి నా పేరున కొబ్బరికాయ కొట్టించు.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. పెద్దావిడ ఏమంటారోనని నాకూ భయంగానే ఉంది, మర్యాదగానే అడుగుతాను. స్వాతికి ముద్దులు. మా ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నారు.

ముహూర్తానికి నువ్వు స్వాతి పక్కన, కెమెరాకి ఎదురుగా ఉంటావు. నిన్ను పక్కకి పొమ్మని చెప్పడానికి ఎవరైనా ఏ పిల్లనైనా పంపిస్తే, ఆ పిల్లకి నేను ఎదురు నిలబడతాను.

నీ దీవెనలు కోరుకునే చెల్లెలు,
పద్మ