వాలు మీద బండి, వెనక చక్రానికి రాయి

హాస్టల్, నిజామాబాద్

చెరకు బండి సాయన్న తాతకు మనవరాలు సంజన దండాలు.

ఇక్కడ ఫోన్ ఇవ్వరు కాబట్టి ఉత్తరమే దిక్కు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఒక లెక్క నన్ను ఏడిపిస్తోంది. ముప్పై డిగ్రీల వాలు మీద నాలుగు వందల కిలోల బండి ఉంది. రాపిడి లేదు. జారకుండా ఉండాలంటే పైనుంచి తాడును ఎంత బలంతో పట్టాలి? వచ్చే నెల పరీక్షలో ఇది తప్పితే విష్ణు సారు నన్ను సైన్సు గ్రూపు నుంచి తీసేస్తారట. ముప్పై ఏళ్లు బండి తోలావు కదా, చెప్పు.

నీ సంజన

తా.క. జవాబు పుస్తకం చివర ఉండాలి. ఆ పేజీ ఎవరో చించుకుపోయారు.

* * *

బోధన్

బిడ్డా సంజనా, సల్లగుండు.

నీ ఉత్తరం అందింది. నిండు బండిని ఎత్తు మీద ఇడిసిపెట్టి ఎడ్లను ఎవడు ఇప్పుకపోయిండు? నువ్వు బండి ఎనకకు పోకు. ముందుగాల ఎనక చక్రానికి పెద్ద రాయి పెట్టుండ్రి, లెక్క తర్వాత చేసుకోవచ్చు. చెరకు ఫ్యాక్టరీ లైన్ల మేము గట్లనే ఆపేటోళ్లం.

మీ తాత సాయన్న

తా.క. రాపిడి లేదంటున్నవు. గసోంటి బాట మీద బండి పైకెట్ల ఎక్కింది? గది అడుగు మీ సారును.

* * *

నిజామాబాద్

తాతకు దండం.

బండి నిజం కాదు తాతా, కాగితం మీద ఉంది! నీ మాట నమ్మి క్లాసులో పెట్టిన పరీక్షలో "రాయి పెట్టాలి, తాడు అక్కర్లేదు" అని రాశాను. సున్నా వేశారు. బండి పైకెలా ఎక్కిందని అడిగాను. బయట నిలబెట్టారు. ఇంకొక్క పరీక్షే మిగిలింది. నాకు ఇంజనీరు కావాలనుంది తాతా, భయంగా ఉంది.

సంజన

తా.క. "మీ తాతకు బలం గురించి ఏం తెలుసు?" అన్నారు సారు.

* * *

బోధన్

బిడ్డా, భయపడకు.

లేని బండికి తాడు కట్టుమంటె ఏ పిల్ల కడ్తది? ఆదివారం మన పక్కింటి లింబయ్య ట్రాక్టర్ ట్రాలీల మన బండి తెస్తుండు. చెరకు నింపి నాలుగు వందల కిలోలు తూకం చేయించిన. ఇరుసుకు కందెన దండిగ పెట్టిన, మీ సారుకు రాపిడి ఉండద్దు కదా. తాడు సారునే పట్టుమను.

సాయన్న

తా.క. రాయి కూడా పంపుతున్న. గది నీ దగ్గరనే ఉంచుకో.

* * *

నిజామాబాద్

తాతకు వంద దండాలు.

బండిని వంటశాల వెనక ఎత్తు మీద పెట్టారు. సారు నేల మీద సుద్దతో లెక్క చేసి చూపించారు. ముప్పై డిగ్రీల వాలైతే బరువులో సగం, అంటే రెండు వందల కిలోల బరువంత బలం కావాలి. నాకు అప్పుడు అర్థమైంది. తాడు సారునే పట్టమన్నావని చెబితే, పంతానికి సారు ఒక్కరే తాడు పట్టుకుని "లింబయ్యా, ట్రాక్టరు కొక్కెం విప్పు!" అన్నారు. సారు బరువు యాభై ఐదు కిలోలు. బండి కిందికి, దాని వెంటే సారు! చెప్పులు మాత్రం పైనే ఉన్నాయి. నేను పక్కనుంచి ఉరికి చక్రానికి రాయి వేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పరీక్షలో అదే లెక్క వచ్చింది. "రెండు వందల కిలోల బరువంత బలం" అని రాసి, కింద "సారులాంటి వాళ్లు నలుగురు" అని చేర్చాను. పూర్తి మార్కులు వేశారు. గ్రూపులోనే ఉన్నాను తాతా!

నీ సంజన

తా.క. రాయి తిరిగి పంపలేను. సారు దాన్ని ల్యాబు బీరువాలో పెట్టి తాళం వేశారు. నిన్ను ఒకసారి రమ్మన్నారు. బండి పైకెలా ఎక్కిందో మాట్లాడాలట.